రక్తం ద్వారా సోకిన జబ్బుల గాలింపు: ప్రభుత్వ పరీక్షా కార్యక్రమాలు

ఎక్కించిన రక్తం వల్లగానీ, రక్తం నుంచి తయారైన మందుల వల్లగానీ అంటువ్యాధి సోకినవారిని వెతికి పట్టుకుని, పరీక్ష చేసి, చికిత్సకు చేర్చడానికి ప్రభుత్వాలు నడిపే కార్యక్రమాలివి. రక్తనిధిలో దాత రక్తానికి చేసే పరీక్షలు రేపు ఎక్కించబోయే సీసా గురించి. ఈ కార్యక్రమాలు మాత్రం ఏనాడో ఎక్కించేసిన సీసా గురించి.

ఇరవై ఏళ్ల కిందట కాన్పుకో, ఆపరేషన్‌కో ఆసుపత్రిలో చేరి రక్తం ఎక్కించుకున్న మనిషికి ఇవాళ ఒంట్లో ఏ బాధా తెలియకపోవచ్చు. హెపటైటిస్ సి వైరస్ కాలేయంలో రెండు మూడు దశాబ్దాలు చప్పుడు లేకుండా ఉండగలదు. లక్షణాలు బయటపడేసరికి కాలేయం గట్టిపడి, సిర్రోసిస్ దాకా వచ్చి ఉండవచ్చు. తనకు పరీక్ష అవసరమని ఆ మనిషికి తెలిసే దారి లేదు. అందుకే ప్రభుత్వమే వెళ్లి తలుపు తట్టాలి.

ఐర్లండ్, బ్రిటన్, జపాన్, చైనా వంటి దేశాలు ఈ పనిని రకరకాలుగా చేశాయి. కొన్నిచోట్ల వెంటనే కదిలారు, చాలాచోట్ల ఏళ్లు గడిచాక గానీ కదలలేదు. అన్నిచోట్లా తేలింది మాత్రం ఒకటే. పరీక్ష కిట్లు ఉన్నంత మాత్రాన బాధితులు దొరకరు. ఎవరి రక్తం ఎవరికి వెళ్లిందో చెప్పే రికార్డు ఉండాలి. జరిగిన తప్పును దాచకుండా చెప్పాలి. పరీక్ష తర్వాత మందూ పరిహారమూ అందాలి. ఈ మూడింట్లో ఏది లేకపోయినా గాలింపు సగంలోనే ఆగిపోయింది.

ఒక దాత, వేలమంది గ్రహీతలు

దాత ఇచ్చిన రక్తాన్ని ఇప్పుడు చాలావరకు ఉన్నదున్నట్టుగా ఎక్కించరు. ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు, ప్లాస్మాగా విడదీస్తారు. ఎర్రకణాలు ఒక రోగికి వెళ్తాయి, ప్లేట్‌లెట్లు మరొకరికి. ప్లాస్మా ప్రయాణం ఇంకా దూరం సాగుతుంది. వేలమంది దాతల ప్లాస్మాను ఒకచోట కలిపి, అందులోంచి ఆల్బుమిన్, ఇమ్యునోగ్లోబ్యులిన్లు, ఫైబ్రినోజెన్, రక్తం సరిగా గడ్డకట్టని హిమోఫిలియా రోగులకు కావలసిన ఫ్యాక్టర్ 8, ఫ్యాక్టర్ 9 వంటివి తీస్తారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో హార్వర్డ్ శాస్త్రవేత్త ఎడ్విన్ కోన్ రూపొందించిన విధానం ఈ పరిశ్రమకు పునాది.

ఎన్నో ప్రాణాలు కాపాడిన ఈ విధానంలోనే పెద్ద ప్రమాదమూ ఉంది. కుండెడు పాలు విరగడానికి ఉప్పుకల్లు ఒక్కటి చాలినట్టు, వైరస్ ఉన్న ఒక్క దాత ప్లాస్మా మొత్తం బ్యాచ్‌ను చెడగొట్టగలదు. 1942లో అమెరికా సైన్యం దీన్ని కళ్లారా చూసింది. పచ్చజ్వరం టీకా చెడిపోకుండా ఉండేందుకు అందులో మనుషుల రక్తం నుంచి తీసిన సీరం కలిపారు. ఆ టీకా వేయించుకున్నవారిలో సుమారు 50 వేలమంది సైనికులు కామెర్లతో మంచం పట్టారు. అది హెపటైటిస్ బి అని 1980లలో పాత సైనికులకు రక్తపరీక్షలు చేశాక నిర్ధారణ అయింది.

హిమోఫిలియా రోగులకు 1970లలో ఫ్యాక్టర్ 8 పొడి రూపంలో వచ్చింది. ఇంట్లోనే కలుపుకుని ఎక్కించుకోవచ్చు కాబట్టి వాళ్ల జీవితం ఎంతో తేలికపడింది. కానీ ఆ పొడిలో అమెరికా జైళ్లలోనూ, ప్లాస్మా అమ్మకపు కేంద్రాల్లోనూ సేకరించిన ప్లాస్మా కూడా కలిసేది. వైరస్‌ను చంపేలా వేడిచేసిన ఫ్యాక్టర్ మందులు 1980ల మధ్యలో వాడుకలోకి వచ్చేసరికే వేలాదిమందికి హెచ్‌ఐవి, హెపటైటిస్ సి సోకాయి.

పరీక్షలు వచ్చిన క్రమం

దాత రక్తానికి చేసిన పరీక్షల్లో పాతది సిఫిలిస్ పరీక్ష. హెపటైటిస్ బి ఆనవాలును బరూక్ బ్లుంబర్గ్ 1960లలో కనుగొన్నాడు. 1970లలో రక్తనిధులు దాన్ని పరీక్షించడం మొదలుపెట్టాయి. 1976లో బ్లుంబర్గ్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. అయినా రక్తం ఎక్కించాక వచ్చే కామెర్లు ఆగలేదు. ఇవి ఎ రకమూ కాదు, బి రకమూ కాదు అని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో హార్వీ ఆల్టర్ బృందం 1970లలోనే చూపింది. ఆ వైరస్‌ను మాత్రం 1989లో గానీ గుర్తించలేకపోయారు. కైరాన్ కంపెనీలో మైఖేల్ హౌటన్ బృందం దాని జన్యుపదార్థాన్ని పట్టుకుంది. ఆల్టర్, హౌటన్, చార్లెస్ రైస్‌లకు 2020లో నోబెల్ దక్కింది.

హెచ్‌ఐవి పరీక్షకు అమెరికాలో 1985 మార్చిలో అనుమతి వచ్చింది. హెపటైటిస్ సి పరీక్షను జపాన్ 1989 చివర్లోనే మొదలుపెట్టింది. 1990లో అమెరికా, 1991 సెప్టెంబరులో బ్రిటన్, అక్టోబరులో ఐర్లండ్ ప్రారంభించాయి. భారతదేశంలో ఇది 2001 నుంచి తప్పనిసరి అయింది. ఒక దేశంలో ఏ తేదీకి ముందు రక్తం ఎక్కించుకున్నవారిని వెతకాలో ఈ సంవత్సరాలే చెబుతాయి.

పరీక్ష ఉన్నా కొంత ప్రమాదం మిగులుతుంది. వైరస్ ఒంట్లో ప్రవేశించాక, దాన్ని ఎదుర్కొనే యాంటీబాడీలు తయారై పరీక్షలో కనబడేదాకా కొంత సమయం పడుతుంది. దీన్నే విండో పీరియడ్ అంటారు. హెచ్‌ఐవికి ఇది వారాలు, హెపటైటిస్ సికి కొన్ని నెలల దాకా ఉండొచ్చు. 1990ల చివరినుంచి వాడుకలోకి వచ్చిన న్యాట్ పరీక్ష యాంటీబాడీల కోసం కాకుండా నేరుగా వైరస్ జన్యుపదార్థం కోసం చూస్తుంది. దానితో ఈ వ్యవధి రోజుల్లోకి తగ్గింది కానీ పూర్తిగా పోలేదు.

వెతకడానికి రెండు దారులు

మొదటిది దాత వైపు నుంచి వెనక్కి వెళ్లడం. ఇవాళ రక్తమిచ్చిన వ్యక్తికి హెపటైటిస్ సి ఉందని తేలితే, గతంలో అతనిచ్చిన రక్తం ఏ ఆసుపత్రికి వెళ్లిందో, అక్కడ ఎవరికి ఎక్కించారో రిజిస్టర్లు తిరగేసి కనుక్కుంటారు. వైద్యులు దీన్ని లుక్‌బ్యాక్ అంటారు. ఒక్కోసారి వెతుకులాట రోగి వైపు నుంచి మొదలవుతుంది. కామెర్లు వచ్చిన రోగికి ఎవరి రక్తం ఎక్కించారో ఆరా తీసి, ఆ దాతను మళ్లీ పరీక్షిస్తారు.

ఈ దారిలో అడుగడుగునా అడ్డంకులే. రక్తం ఎక్కించుకున్నవారిలో చాలామంది అప్పటికే తీవ్రమైన జబ్బుతోనో, ప్రమాదంలోనో ఆసుపత్రిలో చేరినవారు కాబట్టి ఎందరో చనిపోయి ఉంటారు. కొందరు ఊళ్లు మారుతారు. ఆసుపత్రుల్లో పాత కాగితాలు చెదలు పట్టో, గడువు తీరి పారేయడం వల్లో మాయమవుతాయి. పైగా, సోకిన తర్వాత మళ్లీ ఎప్పుడూ రక్తదానానికి రాని దాత ఈ పద్ధతిలో ఎన్నటికీ దొరకడు.

రెండోది అందరికీ పిలుపునివ్వడం. ఫలానా ఏడాదికి ముందు రక్తం ఎక్కించుకున్నవారు, లేదా ఫలానా మందు తీసుకున్నవారు వచ్చి ఉచితంగా పరీక్ష చేయించుకోండని ప్రభుత్వం ప్రకటిస్తుంది. రికార్డులు లేకపోయినా ఇది సాగుతుంది. కానీ తమకు రక్తం ఎక్కించారన్న సంగతే చాలామందికి తెలియదు. మత్తులో ఉండగానో, కాన్పు హడావుడిలోనో ఎక్కించి, ఆ తర్వాత ఎవరూ చెప్పని సందర్భాలెన్నో. పసితనంలో ఎక్కించుకున్నవారికైతే కన్నవాళ్లు చెబితేనే తెలుస్తుంది.

ఐర్లండ్: యాంటీ-డి తల్లులు

ఈ రెండో రకం కార్యక్రమాల్లో అన్నిటికన్నా ఎక్కువగా అధ్యయనం జరిగింది ఐర్లండ్‌లో. అక్కడ బాధితులు దాదాపు అందరూ తల్లులు.

తల్లి ఆర్‌హెచ్ నెగటివ్, బిడ్డ పాజిటివ్ అయినప్పుడు, తర్వాతి గర్భంలో బిడ్డ రక్తకణాలను తల్లి ఒంట్లోని యాంటీబాడీలు నాశనం చేసే ప్రమాదం ఉంటుంది. దీన్ని ఆపేందుకు కాన్పయిన 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ ఇస్తారు. తెలుగునాట నెగటివ్ గ్రూపు గర్భిణులందరికీ పరిచయమైన ఇంజెక్షనే ఇది. 1960లలో లివర్‌పూల్, న్యూయార్క్ పరిశోధకులు కనిపెట్టిన ఈ మందు లెక్కలేనంతమంది పసిబిడ్డల ప్రాణాలు నిలిపింది. దీన్ని మనుషుల ప్లాస్మా నుంచే తయారుచేస్తారు.

ఐర్లండ్‌లో యాంటీ-డిని ప్రభుత్వ రక్తమార్పిడి సేవా బోర్డు డబ్లిన్‌లోని పెలికాన్ హౌస్‌లో స్వయంగా తయారుచేసేది. 1976లో ఒక మహిళకు ప్లాస్మా మార్పిడి చికిత్స జరిగింది. ఆమె ఒంట్లోంచి తీసిన ప్లాస్మాను, ఆమె అనుమతి లేకుండానే, యాంటీ-డి తయారీకి వాడారు. ఆ ఏడాదే ఆమెకు కామెర్లు వచ్చాయి. కామెర్లు వచ్చిన వ్యక్తి ప్లాస్మాను వాడకూడదన్నది బోర్డు తనకు తాను పెట్టుకున్న నియమం. అయినా వాడకం ఆగలేదు. 1977లో ఇంజెక్షన్ తీసుకున్న తల్లుల్లో కొందరికి కామెర్లు వచ్చాయన్న కబురు అందాక కూడా ఆ ప్లాస్మాతో చేసిన మందు బయటికి వెళ్తూనే ఉంది.

ఆ తల్లులకు తర్వాతి కాలమంతా అలసట, కీళ్ల నొప్పులు, నీరసం. పిల్లల పెంపకం, ఇంటి చాకిరీ వల్లనే అనుకుని సర్దుకుపోయారు. లండన్‌లోని మిడిల్‌సెక్స్ ఆసుపత్రి భద్రపరచిన పాత నమూనాలను కొత్త పరీక్షతో చూసి, 1976 నాటి ఆ ప్లాస్మాలో హెపటైటిస్ సి ఉందని 1991 డిసెంబరులో బోర్డుకు ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం మీద ఎవరూ కదల్లేదు.

కదలిక మరోచోట నుంచి వచ్చింది. దక్షిణ ఐర్లండ్‌లోని మన్‌స్టర్ ప్రాంతానికి రక్తసేవల బాధ్యురాలిగా ఉన్న డాక్టర్ జోన్ పవర్, హెపటైటిస్ సి పాజిటివ్ వచ్చిన దాతల వివరాలు పరిశీలిస్తుండగా ఒక వింత గమనించారు. వాళ్లలో ఆర్‌హెచ్ నెగటివ్ మహిళలు ఉండాల్సినదానికన్నా చాలా ఎక్కువమంది ఉన్నారు. వాళ్లకు సూదిమందు మత్తు అలవాటు లేదు, రక్తమూ ఎక్కించుకోలేదు. అందరినీ కలిపే విషయం ఒకటే, 1977 ప్రాంతంలో తీసుకున్న యాంటీ-డి.

1994 ఫిబ్రవరి 21న బోర్డు ఈ సంగతి బయటపెట్టింది. 1970 నుంచి 1994 దాకా యాంటీ-డి తీసుకున్న మహిళలంతా ఉచితంగా పరీక్ష చేయించుకోవాలని పిలుపునిచ్చింది. దేశం మొత్తం జనాభా అప్పటికి 40 లక్షల లోపే. అందులో 62,667 మంది మహిళలు పరీక్షకు వచ్చారు. 704 మందికి వైరస్ సోకిన ఆనవాళ్లు కనిపించాయి. వారిలో 390 మంది రక్తంలో వైరస్ ఇంకా బతికే ఉంది. మిగతా 45 శాతం మంది ఒళ్లు దానంతటదే వైరస్‌ను వదిలించుకుంది.

వైరస్ సోకి అప్పటికి సుమారు 17 ఏళ్లు. ఒకే వైరస్, దాదాపు ఒకే కాలం, వయసులో ఉన్న ఆరోగ్యవంతులైన స్త్రీలు. హెపటైటిస్ సి మనిషి ఒంట్లో ఎలా నడుస్తుందో తెలుసుకునేందుకు వైద్యశాస్త్రానికి ఇంత స్పష్టమైన సమాచారం అంతకుముందు ఎప్పుడూ దొరకలేదు. కాలేయపు ముక్క తీసి చూస్తే దాదాపు అందరిలోనూ వాపు ఉంది. సగంమందిలో కాలేయం గట్టిపడే లక్షణాలు మొదలయ్యాయి. సిర్రోసిస్ మాత్రం 2 శాతం మందిలోనే. కార్క్ విశ్వవిద్యాలయ ఆసుపత్రికి చెందిన ఎలిజబెత్ కెన్నీ-వాల్ష్ 1999లో ప్రచురించిన ఈ ఫలితాలు ప్రపంచమంతటా వైద్యుల అంచనాలను మార్చాయి.

ఆ తల్లులకు కావలసింది మాత్రం శాస్త్రం ఒక్కటే కాదు. ఎవరు చేశారు, ఎవరికి ఎప్పుడు తెలిసింది, తెలిశాక ఎందుకు ఊరుకున్నారు? ఈ ప్రశ్నలతో వాళ్లు 1994లోనే పాజిటివ్ యాక్షన్ పేరిట సంఘం కట్టారు. డొనెగాల్‌కు చెందిన బ్రిజిడ్ మెక్‌కోల్ 12 మంది బిడ్డల తల్లి. 1977లో యాంటీ-డి తీసుకున్న ఆమె ప్రభుత్వం మీద దావా వేసింది. మారుపేరుతో కేసు నడపడానికి కోర్టు ఒప్పుకోలేదు. చివరికి ఆమె మరణశయ్య మీద ఉండగా బోర్డు తప్పు ఒప్పుకుంది. 1996 అక్టోబరులో ఆమె చనిపోయింది. అదే నెలలో జస్టిస్ థామస్ ఫిన్లే అధ్యక్షతన విచారణ సంఘం ఏర్పడింది. 1997 మార్చిలో వచ్చిన దాని నివేదిక బోర్డు తప్పులను ఒక్కొక్కటిగా నమోదు చేసింది.

పరీక్ష తర్వాత ఏం చేయాలో చూపించింది కూడా ఐర్లండే. పరిహార ట్రిబ్యునల్ ఏర్పాటైంది. 1996 నాటి చట్టంతో బాధితులకు జీవితాంతం చెల్లే ప్రత్యేక ఆరోగ్య కార్డు ఇచ్చారు. వైరస్ సోకిన భర్తలు, పిల్లలు కూడా పరిహారానికి అర్హులయ్యారు. హెపటైటిస్ సి ఉందని తేలినవారికి జీవితబీమా, ఇంటి రుణాలకు కావలసిన బీమా దొరక్కుండా పోవడంతో, 2006లో మరో చట్టం చేసి ప్రభుత్వమే ఆ భారం మోసేలా పథకం పెట్టింది.

తూర్పు జర్మనీలో అదే ఇంజెక్షన్

ఐర్లండ్ కథ నడిచిన కాలంలోనే, 1978–79లో, తూర్పు జర్మనీలోనూ యాంటీ-డి కలుషితమైంది. అక్కడ 2,800 మందికి పైగా మహిళలకు హెపటైటిస్ సి సోకింది. కామెర్లతో ఒక్కసారిగా జబ్బుపడటంతో బాధితులెవరో నెలల్లోనే తెలిసిపోయింది. వారిని ఆసుపత్రుల్లో చేర్చి, విడిగా ఉంచి వైద్యం చేశారు. కానీ అసలు కారణాన్ని ప్రజలకు చెప్పలేదు. కేసు గుట్టుగా నడిచింది. రెండు జర్మనీలు కలిశాకే వివరాలు వెలుగులోకి వచ్చాయి. 2000లో వచ్చిన ప్రత్యేక చట్టం ఆ మహిళలకు నెలవారీ పింఛను కల్పించింది.

బ్రిటన్: ఆలస్యమైన వెతుకులాట

బ్రిటన్‌లో దాతల పరీక్ష 1991 సెప్టెంబరులో మొదలైంది. పాజిటివ్ వచ్చిన దాతల పాత రక్తం ఎవరికి వెళ్లిందో వెతికే లుక్‌బ్యాక్ మాత్రం 1995లో గానీ మొదలవలేదు. మధ్యలో గడిచిన మూడేళ్లకు పైగా కాలంలో రికార్డులు పోయాయి, మనుషులు పోయారు. అందరికీ పిలుపునిచ్చే కార్యక్రమం చేపట్టనే లేదు.

ఈ కలుషిత రక్తం ఉదంతంపై సర్ బ్రయాన్ లాంగ్‌స్టాఫ్ అధ్యక్షతన జరిగిన విచారణ 2024 మే 20న తుది నివేదిక ఇచ్చింది. 1970ల నుంచి రక్తం, రక్తపు మందుల వల్ల 30 వేలమందికి పైగా వ్యాధులు సోకాయని, సుమారు 3 వేలమంది చనిపోయారని తేల్చింది. హిమోఫిలియా వంటి రక్తస్రావ వ్యాధులున్న సుమారు 1,250 మందికి హెచ్‌ఐవి సోకగా, వారిలో దాదాపు 380 మంది పిల్లలు. జరిగినదాన్ని ప్రభుత్వం, వైద్యవ్యవస్థ దాచిపెట్టాయని నివేదిక స్పష్టంగా చెప్పింది. కొందరు రోగులకు వారికి చెప్పకుండానే పరీక్షలు చేసి, ఫలితాన్ని ఏళ్ల తరబడి చెప్పకుండా ఉంచిన ఉదంతాలూ బయటపడ్డాయి.

ఇంగ్లండ్‌లో 2023 నుంచి హెపటైటిస్ సి పరీక్ష కిట్‌ను ఆన్‌లైన్‌లో కోరితే ఉచితంగా ఇంటికే పంపుతున్నారు. వేలి నుంచి కొన్ని రక్తపుచుక్కలు తీసి తిరిగి పోస్టులో పంపితే చాలు. ఎందుకు పరీక్ష చేయించుకుంటున్నారో ఎవరికీ వివరించనక్కర్లేదు. చిన్నప్పటి ఆపరేషన్‌లో సోకినవారిని ఇది ఇప్పుడు కూడా కనిపెడుతోంది.

జపాన్: ఆసుపత్రుల జాబితా

జపాన్‌లో 1964లో అమెరికా రాయబారి ఎడ్విన్ రైషావర్‌ను ఒక యువకుడు కత్తితో పొడిచాడు. ఎక్కించిన రక్తం వల్ల ఆయనకు హెపటైటిస్ సోకింది. అప్పట్లో ఆ దేశంలో రక్తం ఎక్కువగా అమ్మకందార్ల నుంచే వచ్చేది. ఆ సంఘటనతో ప్రభుత్వం అదే ఏడాది స్వచ్ఛంద రక్తదానం వైపు మళ్లింది.

కానీ అదే ఏడాది గ్రీన్ క్రాస్ కంపెనీ ఫైబ్రినోజెన్ మందు అమ్మడం మొదలుపెట్టింది. కాన్పులో రక్తస్రావం ఆగడానికి దాన్ని విరివిగా వాడారు. దాదాపు 2 లక్షల 80 వేలమందికి ఇచ్చారని, 10 వేలమందికి పైగా హెపటైటిస్ సి సోకి ఉంటుందని అంచనా. ఇక్కడా బాధితుల్లో తల్లులే ఎక్కువ.

జపాన్ 2002లో హెపటైటిస్ పరీక్షను సాధారణ ఆరోగ్య తనిఖీల్లో చేర్చింది. 40 ఏళ్లనుంచి 70 దాకా అయిదేళ్లకొకసారి మైలురాయి వయసు వచ్చినవారందరినీ పరీక్షకు పిలిచింది. రక్తం ఎక్కించుకున్నారా లేదా అని అడిగి వడపోయకుండా వయసునే కొలబద్దగా తీసుకోవడం వల్ల, తమకేం ఎక్కించారో తెలియనివారు కూడా పరీక్షలోకి వచ్చారు. 2004లో ఫైబ్రినోజెన్ సరఫరా అయిన వేలాది ఆసుపత్రుల పేర్లను ప్రభుత్వం ప్రచురించింది. మీ ఊరి ఆసుపత్రి పేరు అందులో ఉంటే, ఆ కాలంలో అక్కడ కాన్పయి ఉంటే, వెళ్లి పరీక్ష చేయించుకోండని చెప్పింది.

అయితే చట్టప్రకారం వైద్య రికార్డులు అయిదేళ్లు ఉంచితే చాలు. తమకిచ్చింది ఫైబ్రినోజెనేనని రుజువు చేసుకోవడానికి చాలామంది దగ్గర కాగితం లేదు. అంతకన్నా బాధాకరమైన సంగతి 2007లో బయటపడింది. సోకినట్టు అనుమానమున్న 418 మంది వివరాలు ఆరోగ్యశాఖకు 2002లోనే అందాయి. వారికి మాత్రం ఎవరూ చెప్పలేదు. ప్రజల ఆగ్రహం మధ్య 2008 జనవరిలో సహాయ చట్టం వచ్చింది. సిర్రోసిస్, కాలేయ క్యాన్సర్, మరణాలకు 4 కోట్ల యెన్లు, దీర్ఘకాల హెపటైటిస్‌కు 2 కోట్లు, లక్షణాలు లేనివారికి 1.2 కోట్ల యెన్లు చెల్లించేలా నిర్ణయించారు.

చైనా: ప్లాస్మా అమ్మిన పల్లెలు

పైవన్నీ రక్తం తీసుకున్నవారి కథలు. చైనాలోని హెనాన్‌లో వ్యాధి రక్తం ఇచ్చినవారికే సోకింది. 1990లలో అక్కడి పేదరైతులు పన్ను కట్టడానికి, ఇల్లు కట్టుకోవడానికి ప్లాస్మా అమ్ముకునేవారు. సేకరణ కేంద్రాలు ఒకే గ్రూపువారి రక్తాన్ని కలిపి, ప్లాస్మా తీసుకుని, మిగిలిన ఎర్రకణాలను మళ్లీ వారి ఒంట్లోకే ఎక్కించేవి. రక్తం తగ్గకపోతే మళ్లీ త్వరగా అమ్మడానికి రావచ్చన్నది లెక్క. ఒకరికి హెచ్‌ఐవి ఉంటే, కలిసి అమ్మినవారందరికీ చేరింది.

ఈ సంగతి బయటపెట్టిన వైద్యురాలు గావ్ యావోజియే ఎన్నో వేధింపులు ఎదుర్కొని అమెరికా వెళ్లిపోయారు. 2023 డిసెంబరులో 95 ఏళ్ల వయసులో న్యూయార్క్‌లో చనిపోయారు. 2003 చివర్లో చైనా ప్రభుత్వం పేదరోగులకు ఉచిత మందులు, ఉచిత పరీక్ష, తల్లి నుంచి బిడ్డకు సోకకుండా చికిత్స, అనాథలైన పిల్లలకు ఉచిత చదువు ప్రకటించింది. ఆ తర్వాత 2004లో హెనాన్ అధికారులు ఊరూరా తిరిగి, గతంలో ప్లాస్మా అమ్మిన దాదాపు 2 లక్షల 80 వేలమందిని పరీక్షించారు. సుమారు 25 వేలమందికి హెచ్‌ఐవి ఉందని తేలింది. ఉచిత మందు హామీ ముందే ఉండటం జనం పరీక్షకు రావడానికి తోడ్పడింది.

చెప్పాలా, వద్దా?

మందు లేని జబ్బు సోకి ఉండవచ్చని మనిషికి చెప్పడం న్యాయమేనా అన్న ప్రశ్న ఈ కార్యక్రమాలను మొదటినుంచీ వెంటాడింది. బ్రిటన్‌లో పిచ్చి ఆవు వ్యాధికి సంబంధించిన మనుషుల మెదడు జబ్బు రక్తం ద్వారా సోకిన సంఘటన 2003లో బయటపడింది. మరుసటి ఏడాది రక్తస్రావ వ్యాధులున్న వేలాదిమందికి ఉత్తరాలు వెళ్లాయి. ఆ జబ్బును ముందుగా పట్టుకునే రక్తపరీక్ష లేదు, మందూ లేదు. ఆపరేషన్‌కు వెళ్లినప్పుడు పరికరాల ద్వారా ఇతరులకు పాకకుండా చూడటమే ఆ ఉత్తరాల ఉద్దేశం. ఎదుటివారి క్షేమం కోసం ఒక మనిషి జీవితాంతం ఈ భయాన్ని మోయాల్సి వచ్చింది.

హెపటైటిస్ సి విషయంలో ఈ సందిగ్ధం ఇప్పుడు లేదు. 2013 చివర్లో అమెరికాలో అనుమతి పొందిన సోఫోస్‌బువిర్ మాత్ర, తోడు మందులతో కలిపి, 12 వారాల్లో ఎక్కువమందిలో వైరస్‌ను పూర్తిగా తుడిచిపెడుతుంది. మొదట్లో ఆ కోర్సు ధర అమెరికాలో 84 వేల డాలర్లు. ధర దిగిరావడంలో హైదరాబాద్‌కు సొంత పాత్ర ఉంది. ఆ మందు హక్కుదారైన గిలియడ్ సంస్థ నుంచి 2014లో తయారీ అనుమతి పొందిన భారతీయ కంపెనీల్లో హైదరాబాద్‌కు చెందిన హెటిరో ఒకటి. 2015లో అదే నగరానికి చెందిన నాట్కో కూడా ఆ వరుసలో చేరి జెనరిక్ మందు విడుదల చేసింది.

భారతదేశం, తెలుగు రాష్ట్రాలు

భారతదేశంలో హెచ్‌ఐవి పరీక్ష 1989లో తప్పనిసరి అయింది. కామన్ కాజ్ సంస్థ వేసిన పిటిషన్‌పై 1996 జనవరి 4న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు రక్తనిధుల వ్యవస్థను మార్చేసింది. జాతీయ రక్తమార్పిడి మండలి ఏర్పడింది. లైసెన్సు లేని రక్తనిధులు మూతపడ్డాయి. డబ్బు తీసుకుని రక్తమిచ్చే పద్ధతిని 1998 జనవరి 1 నుంచి నిషేధించారు. ఇప్పుడు ప్రతి యూనిట్‌కూ హెచ్‌ఐవి, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు తప్పనిసరి. న్యాట్ పరీక్ష దేశమంతటా తప్పనిసరి కాదు. రక్తం ఎక్కించాక తలెత్తే సమస్యలను నమోదు చేయడానికి 2012లో హీమోవిజిలెన్స్ కార్యక్రమం మొదలైంది.

రేపటి రక్తం మీద ఇంత శ్రద్ధ పెట్టిన దేశంలో, నిన్నటి రక్తం వెంట వెళ్లే జాతీయ స్థాయి గాలింపు మాత్రం జరగలేదు. 2001కి ముందు రక్తం ఎక్కించుకున్నవారందరినీ పరీక్షకు పిలిచిన ప్రకటన ఏదీ రాలేదు. రక్తనిధులు రికార్డులను అయిదేళ్లు భద్రపరిస్తే చాలని నిబంధన. ఇరవై, ముప్పై ఏళ్లు చప్పుడు చేయని వైరస్‌ను అయిదేళ్ల రిజిస్టర్ పట్టుకోలేదు.

ఈ లోటు బరువంతా మోస్తున్నది తలసేమియా పిల్లలు. వాళ్లకు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి, బతికినంతకాలం. ఎక్కించిన ప్రతిసారీ విండో పీరియడ్ ప్రమాదం మళ్లీ ఎదురవుతుంది. 2011లో గుజరాత్‌లోని జునాగఢ్‌లో 20 మందికి పైగా తలసేమియా పిల్లలకు హెచ్‌ఐవి ఉన్నట్టు తేలింది. 2014 అక్టోబరు నుంచి 2016 మార్చి దాకా 2,234 మంది తమకు రక్తమార్పిడి వల్లే హెచ్‌ఐవి సోకిందని చెప్పినట్టు జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ సమాచార హక్కు కింద జవాబిచ్చింది. అది కౌన్సెలింగ్‌లో రోగులు చెప్పిన మాట. ఏ దాత నుంచి సోకిందో వెనక్కి వెళ్లి తేల్చిన లెక్క కాదు. లుక్‌బ్యాక్ లేని వ్యవస్థలో అలాంటి లెక్క తేలడం కష్టం.

హైదరాబాద్‌లో 1998లో తల్లిదండ్రులు, వైద్యులు కలిసి స్థాపించిన తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఈ పిల్లలకు ఒకేచోట రక్తం ఎక్కిస్తూ, ఆరోగ్యాన్ని కనిపెట్టుకుని ఉంటోంది. పిల్లవాడు ఏళ్ల తరబడి ఒకే కేంద్రానికి వస్తే అతని రక్తచరిత్ర అంతా ఒకే ఫైల్‌లో ఉంటుంది. ఎప్పుడైనా పాజిటివ్ వస్తే ఏ యూనిట్‌ను అనుమానించాలో వెతకడం సాధ్యమవుతుంది. ఊరికో ఆసుపత్రిలో ఎక్కించుకునే పిల్లవాడికి ఆ అవకాశం ఉండదు.

2018 జులై 28న, ప్రపంచ హెపటైటిస్ దినం నాడు, కేంద్ర ప్రభుత్వం జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఎంపికచేసిన ప్రభుత్వ ఆసుపత్రుల్లో హెపటైటిస్ బి, సి పరీక్షలు, మందులు ఉచితం. తరచూ రక్తం ఎక్కించుకునేవారు, డయాలిసిస్ రోగులు ఇందులో ముఖ్యంగా పరీక్షించాల్సినవారు. దేశంలో హెపటైటిస్ సిని 2030 కల్లా నిర్మూలించాలన్నది లక్ష్యం. 2001కి ముందు కాన్పులోనో, ఆపరేషన్‌లోనో, ప్రమాదంలోనో రక్తం ఎక్కించుకున్న ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాసులు కూడా ఈ కేంద్రాల్లో హెపటైటిస్ సి యాంటీబాడీ పరీక్ష అడగవచ్చు. అది పాజిటివ్ అయితే వైరస్ ఇంకా ఉందో లేదో చూసే ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేస్తారు. వైరస్ ఉంటే మూడు నెలల మాత్రలు, సిర్రోసిస్ ముదిరి ఉంటే కొందరికి ఆరు నెలలు. పాత డిశ్చార్జి కాగితం దొరకకపోయినా, రక్తం ఎక్కించారన్న జ్ఞాపకం ఒక్కటి ఉంటే పరీక్ష అడగడానికి అది చాలు.